ఇంటి పద్దు: తాళంచెవి పోతే ఇల్లు పోయినట్టేనా?



గత సంచికలో బ్యాంకు లాకరుకు నామినేషను రాసి పెట్టుకోవడం ఎందుకు అవసరమో ముచ్చటించుకున్నాం. అది చదివిన బాగలూరు పెద్దాయన ఒకరు పనిగట్టుకుని మా శాఖకు వచ్చారు. "ఇనుప లాకరు సంగతి బాగానే రాసినావు. మా ఇంట్లో మనవడు వాడే కంప్యూటరు ఉందే, దాంట్లోనే మా భూమి కాగితాల నకళ్ళు, పెండ్లి ఫోటోలు అన్నీ ఉండాయి. నిన్నటి నుంచి అది మొహం నల్లగా పెట్టుకుని కూర్చుంది. అంగడాయన అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించల్ల అంటాడు. తుడిచెయ్యమందునా?" అని అడిగారు.

"ఆగండి, ఆగండి!" అని నేను కుర్చీలోంచి లేచి అరిచినంత పని చేశాను. కౌంటరు దగ్గర నిలబడినవాళ్ళు నా వంక వింతగా చూశారు. అంత కంగారు నాకెందుకు కలిగిందో చెప్పాలంటే మా ఇంటి కథ ఒకటి చెప్పాలి. నేను బి.కాం. చదివినవాణ్ణి. జమా ఖర్చులు తప్ప కంప్యూటరు శాస్త్రం నాకు రాదు. అయినా ఈసారి పద్దు కంప్యూటరు గురించే రాస్తున్నాను. గోతి అంచు దాకా వెళ్ళి వెనక్కి వచ్చినవాడు చెప్పే మాట నలుగురికీ పనికి వస్తుందని నా నమ్మకం.

తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరులో ప్రారంభించిన ఉచిత ల్యాప్‌టాప్ పథకం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. హోసూరు, శూలగిరి, బేరికె, డెంకణికోట చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో ఇళ్ళలోకి మొదటి కంప్యూటరు అడుగు పెట్టింది ఆ పథకంతోనే. ప్లస్ టూ చదువుతున్న మా చెల్లెలి కూతురికి 2012లో అలా ఒకటి వచ్చింది. దానిలో విండోస్, బాస్ లినక్స్ అని రెండు ఆపరేటింగ్ సిస్టములు ఉండేవి. బాస్ అంటే పెత్తనం చేసే బాసు కాదు. 'భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్' అనే పేరుకు పొట్టి రూపం. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసి 2007లో విడుదల చేసిన మన దేశపు లినక్స్ అది. తెలుగుతో సహా భారతీయ భాషల్లో పని చేసుకునే వీలు దానిలో ఉంది.

మీట నొక్కగానే తెర మీద ఒక చిన్న పట్టిక వచ్చేది. విండోస్ కావాలా, లినక్స్ కావాలా అని అడిగి, మనం ఏమీ చెప్పకపోతే కొన్ని క్షణాలు చూసి తనకు తోచిన దానిలోకి వెళ్ళిపోయేది. "ఇది మన ఇంటి మాదిరే ఉంది మామా. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. ఏది మాట్లాడల్లనో వాకిట్లోనే అడుగుతా ఉంది" అని మా మేనకోడలు నవ్వేది.

ఆ పిల్ల ఆ యంత్రంతో ఒక మంచి పని చేసింది. మా అమ్మ, అంటే దానికి అవ్వ, రాగులు చెరుగుతూనో, చింతపండు గింజ తీస్తూనో చెప్పే కతలు, పాడే పాటలు ఆ ల్యాప్‌టాపులో రికార్డు చేసి పెట్టింది. మా అమ్మ చదువుకోలేదు. ఆమెకు వచ్చిన తెలుగు ఏ పుస్తకంలోనూ లేదు. 2016లో ఆమె కాలం చేసింది. మేనకోడలు చదువు ముగించి బెంగుళూరులో ఉద్యోగానికి చేరింది. ల్యాప్‌టాపు అటకెక్కింది.

రెండేళ్ళ కిందట సంక్రాంతి సెలవుల్లో మా మేనల్లుడు, ఆ పిల్ల తమ్ముడు, దాన్ని అటక దించాడు. డిస్కులో చోటు చాలడం లేదని, "ఎవరూ వాడని లినక్స్ ఎందుకు" అని ఆ భాగాన్ని చెరిపేశాడు. విండోస్ ఉన్న భాగాన్ని వాడు ముట్టుకోలేదు. కాని మళ్ళీ మీట నొక్కితే విండోసూ రాలేదు. నల్లటి తెర మీద 'గ్రబ్ రెస్క్యూ' అని రెండు మాటలు, పక్కన మిణుకు మిణుకుమనే గీత. అంతే.

దుకాణానికి తీసుకుపోయాం. అక్కడి కుర్రవాడు ఒక నిమిషం చూసి, "డిస్కు పోయింది సార్, ఫార్మాటు చేసి కొత్తగా వేస్తాను" అన్నాడు. నేను "సరే, కానియ్" అన్నాను. బేరం కూడా కుదిరింది. రోజూ పాతిక కాగితాలు చదివి గాని ఒక సంతకం పెట్టని నేను, ఆ రోజు ఒక్క ప్రశ్న అడగకుండా మా అమ్మ గొంతును చెరిపెయ్యడానికి అనుమతి ఇచ్చేశాను.

ఇంటికి వచ్చేలోపలే మా మేనల్లుడు అక్కకు ఫోను చేసి విషయం చెప్పాడు. ఆ పిల్ల వెంటనే నాకు ఫోను చేసింది. "మామా, మీ బ్యాంకులో స్ట్రాంగ్ రూము తాళంచెవి పోతే ఏం చేస్తారు? గదికి నిప్పు పెట్టేసి కొత్తది కట్టుకుంటారా? దాంట్లో అవ్వ గొంతు ఉంది మామా" అంది. నేను చెప్పు కూడా వేసుకోకుండా దుకాణానికి పరుగెత్తాను. అదృష్టవశాత్తు ఆ కుర్రవాడు భోజనానికి వెళ్ళి ఇంకా రాలేదు.

ఆ సాయంత్రం ఆ పిల్ల ఫోనులో చెబుతూ ఉంటే, నేనూ మా మేనల్లుడూ చేసిన పని ఇది. ఇంకో కంప్యూటరులో ఒక పెన్‌డ్రైవు మీద లినక్స్ ఎక్కించి, దాన్ని ల్యాప్‌టాపుకు తగిలించి, దానితోనే యంత్రాన్ని లేపాం. డిస్కులోని విండోస్ భాగం తెరుచుకుంది. ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మొదట వాటిని మరో డిస్కులోకి నకలు తీశాం. ఆ తరువాతే మరమ్మతు సంగతి చూశాం. నకలు సరిగా వచ్చిందో లేదో చూద్దామని ఒక రికార్డింగు తెరిచాను. కత మధ్యలో ఆగి మా అమ్మ ఆ పిల్లను గదమాయిస్తోంది: "ఆ పెట్టె మూసేసి అన్నానికి రామే!" మా చెల్లెలు వంటింట్లోంచి చేతిలో గరిటెతోనే వచ్చి నిలబడిపోయింది.

అసలు జరిగిందేమిటో తరువాత తీరిగ్గా తెలుసుకున్నాను. మీకు బ్యాంకు భాషలో చెబుతాను.

పొద్దున్నే బ్యాంకు ఎలా తెరుస్తారు? ముందు కావలివాడు షట్టరు ఎత్తుతాడు. అతనికి షట్టరు సంగతి తప్ప మరేమీ తెలియదు. తరువాత తాళంచెవుల బాధ్యత ఉన్న అధికారి వచ్చి, ఏ తాళం ఎక్కడో చూసి, స్ట్రాంగ్ రూము తెరుస్తాడు. అప్పుడు గాని కౌంటర్లలో లావాదేవీలు మొదలు కావు. కంప్యూటరులో ఆ కావలివాడు మదర్‌బోర్డు మీది చిప్పులో ఉండే ఫర్మ్‌వేరు. పాతవాటిలో దాని పేరు బయోస్, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. కౌంటర్లు నడిపే సిబ్బంది విండోస్, లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టములు. నడుమ తాళంచెవులు పట్టుకుని నిలబడే అధికారే బూట్‌లోడరు. డిస్కులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమును వెతికి, జ్ఞాపకంలోకి ఎక్కించి, పగ్గాలు దానికి అప్పగించి తాను తప్పుకుంటుంది. రోజంతటిలో దానికి ఉండే పని కొన్ని సెకన్లు మాత్రమే.

బూటు అనే మాట కూడా వింతైనదే. తన బూట్ల పట్టీలు తానే పట్టుకుని తనను తాను పైకి లేపుకోవడం అనే ఇంగ్లీషు నానుడి నుంచి అది వచ్చింది. మన భాషలో చెప్పాలంటే తన భుజం మీద తానే ఎక్కడం. ఆపరేటింగ్ సిస్టమును డిస్కులోంచి తీయడానికే ఒక ప్రోగ్రాము కావాలి. ఆ ప్రోగ్రాము కూడా డిస్కులోనే ఉంది. దాన్ని తీసేదెవరు? ఈ తిరకాసును విప్పడానికే ఈ ఏర్పాటంతా.

బయోస్ ఉన్న పాత యంత్రాల్లో కావలివాడు డిస్కు మీది మొట్టమొదటి గడిని మాత్రమే చదువుతాడు. దాని కొలత 512 బైట్లు. అందులో బూట్‌లోడరుకు 446 బైట్లు, డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టికకు 64 బైట్లు, 'ఇది సరైన గడే' అనే ముద్రకు 2 బైట్లు. కూడి చూసుకోండి, పద్దు సరిపోతుంది. 446 బైట్లంటే ఎంత? ఇప్పటి యూనికోడ్ పద్ధతిలో తెలుగు రాస్తే, ఒక్కొక్క గుర్తుకు మామూలుగా 3 బైట్లు పడుతుంది. గుణింతాలు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. ఆ లెక్కన 148 గుర్తులకు మించి పట్టవు. పోస్టుకార్డు మీద రెండు మూడు వాక్యాలు. అంత చిన్న చోటులో అంతా ఇమడదు కాబట్టి బూట్‌లోడరు మొదటి ముక్క అక్కడ ఉండి, 'మిగతా సామాను ఫలానా చోట ఉంది' అని దారి చూపిస్తుంది. మా ల్యాప్‌టాపులో గ్రబ్ అనే బూట్‌లోడరుకు కావలసిన మిగతా సామాను లినక్స్ భాగంలో ఉండేది. మా మేనల్లుడు చెరిపేసింది దాన్నే. తాళంచెవుల అధికారి వాకిట్లోనే ఉన్నాడు, తాళంచెవుల గుత్తి ఉన్న గది మాత్రం కూలిపోయింది. ఖజానా పదిలంగా ఉంది. దుకాణం కుర్రవాడు చూసింది వాకిలిని మాత్రమే. ఇల్లు కూలిందని తీర్పు చెప్పేశాడు. నేను తలూపాను.

మరమ్మతు చాలా చిన్నది. విండోస్ రికవరీ డిస్కుతో యంత్రాన్ని లేపి, ఆ మొదటి గడిలో విండోస్ వారి బూట్‌లోడరును తిరిగి రాయించాం. 'బూట్‌రెక్' అనే ఆదేశానికి 'ఫిక్స్ ఎంబీఆర్' అని తోక తగిలిస్తే ఆ పని జరుగుతుంది. లినక్స్ భాగాన్ని చెరపడానికి ముందే ఆ ఒక్క పని చేసి ఉంటే మాకు ఏ ఇబ్బందీ వచ్చేది కాదు. పాత అధికారి నుంచి ఛార్జి తీసుకోకుండా అతన్ని ఇంటికి పంపేస్తే ఏమవుతుందో బ్యాంకువాళ్ళకు చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అందరికీ పనికివచ్చే సంగతికి వద్దాం. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అడిగే హంగులు పాత యంత్రాల్లో చాలావాటికి లేవు. అందుచేత బాగా పనిచేస్తున్న పాత కంప్యూటరును పారెయ్యడానికి మనసొప్పక, దానిలో లినక్స్ కూడా వేసుకుందామనే ఆలోచన చాలా ఇళ్ళలో పుడుతోంది. మంచి ఆలోచనే. తెలుగువారి కోసం హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగు లినక్స్ మీద ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తోంది. అయితే ఒక ఇంట్లో రెండు కాపురాలు పెట్టేటప్పుడు వాకిలి ఎవరిదో ముందే తేల్చుకోవాలి. బూట్‌లోడరును ఎంచుకోవడం అంటే అదే.

మీ యంత్రంలో ఒకే ఆపరేటింగ్ సిస్టము ఉంటే దానితో వచ్చిన బూట్‌లోడరునే ఉంచుకోండి. ఎవరో చెప్పారని మార్చవద్దు. పనిచేస్తున్న తాళానికి నూనె చాలు, కొత్త తాళం అక్కరలేదు.

రెండు సిస్టములు కావాలనుకుంటే, డెస్కుటాపు అయితే రెండో డిస్కు ఒకటి కొని దేనికది వేరువేరుగా వేసుకోవడం అన్నిటికన్నా సుఖం. లినక్స్ ఎక్కించేటప్పుడు విండోస్ డిస్కు తీగ ఊడదీసి పెడితే పొరపాటుకు తావే ఉండదు. ఏ గుమ్మానికి ఆ తాళం. ఒకటి చెడితే రెండోది పనిచేస్తుంది.

ఒకే డిస్కులో రెండూ ఉండాలంటే ముందు విండోస్, తరువాత లినక్స్ ఎక్కించాలి. విండోస్ వెనక వస్తే తన బూట్‌లోడరును ముందు నిలిపి, లినక్స్ ఉన్న సంగతే పట్టించుకోదు. ఇలాంటి యంత్రాలకు ఎక్కువగా వాడేది గ్రబ్. ఎరిక్ బోలిన్ అనే ఆయన 1995లో మొదలుపెట్టిన పని అది. అంతకు ముందు లినక్స్ వారు లిలో అనే దాన్ని వాడేవారు. దాని తిరకాసు ఏమిటంటే, లినక్స్ మూల భాగం డిస్కులో ఏ గడిలో ఉందో లిలో అంకెలుగా రాసి పెట్టుకునేది. ఆ భాగాన్ని మార్చిన ప్రతిసారీ మనం గుర్తు పెట్టుకుని లిలోకు మళ్ళీ చెప్పాలి. మరిచిపోయామా, మరునాడు యంత్రం లేవదు. గ్రబ్ అలా కాకుండా ఫైళ్ళను పేరు పెట్టి వెతుక్కోగలదు. ఇల్లు మారినా పేరు చెప్పి అడిగి తెలుసుకునే పోస్టుమ్యాను వంటిది. లిలో తయారీ 2015లో నిలిచిపోయింది.

కొత్త యూఈఎఫ్ఐ యంత్రాల్లో పరిస్థితి ఇంకా మెరుగు. డిస్కులో ఒక చిన్న భాగాన్ని కేవలం బూట్‌లోడర్ల కోసమే కేటాయిస్తారు. విండోస్ వారి ఫైలు, లినక్స్ వారి ఫైలు పక్కపక్కనే వేరువేరు అరల్లో ఉంటాయి. ఒకదాన్ని ఒకటి తొక్కెయ్యనక్కరలేదు. యంత్రం లేచేటప్పుడు ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ వంటి ఒక మీట నొక్కితే (కంపెనీని బట్టి మీట మారుతుంది) ఏది కావాలో నేరుగా ఎంచుకోవచ్చు. గ్రబ్ చెడినా ఆ దారిన విండోస్ లోపలికి వెళ్ళవచ్చు. మీ యంత్రానికి ఆ మీట ఏదో ఈ రోజే తెలుసుకుని డబ్బా మీద రాసి అంటించుకోండి. పట్టిక బొమ్మలతో అందంగా కనబడాలనుకునే వారికి రీఫైండ్ అని ఇంకొకటి ఉంది. నా సలహా అడిగితే మాత్రం, చెడినప్పుడు మీ ఇంట్లోనో, వీధిలోనో ఎవరు బాగు చెయ్యగలరో, వారికి తెలిసిన దాన్నే పెట్టుకోండి. అందం తరువాతి మాట.

కాపాడుకోవడం సంగతికి వస్తే, తెచ్చిన నాడు ఉన్న శ్రద్ధ ఆరు నెలలకు ఉండదు. అక్కడే చిక్కు.

లినక్స్‌ను నవీకరించిన తరువాత గ్రబ్ పట్టికలో విండోస్ మాయమైందని కొందరు గుండెలు బాదుకుంటారు. అది ఎక్కడికీ పోదు. ఇతర సిస్టములను తనంత తాను వెతికే అలవాటును భద్రత కోసం గ్రబ్ 2021లో వచ్చిన 2.06 నుంచి మామూలుగా ఆపి ఉంచుతోంది. గ్రబ్ అమరికల ఫైలులో 'ఓఎస్ ప్రోబర్' అనే దాన్ని తిరిగి అనుమతించి, పట్టికను మళ్ళీ రాయిస్తే విండోస్ కనబడుతుంది. అదే ఫైలులో పట్టిక ఎన్ని సెకన్లు ఆగాలో, ఏమీ నొక్కకపోతే ఏది తెరుచుకోవాలో కూడా మార్చుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు వాడేదాన్ని మొదట పెట్టి, పది సెకన్లు ఆగమనండి. కళ్ళద్దాలు వెతుక్కోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

రెండు సిస్టములు ఉన్న యంత్రంలో విండోస్ వారి 'ఫాస్ట్ స్టార్టప్' అనే ఏర్పాటును ఆపెయ్యండి. అది ఉంటే మీరు యంత్రం ఆపినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. సగం రాసిన లెడ్జరును ఇంకొకరు తెరిచి రాయకూడదు కదా. అలాగే ఫర్మ్‌వేరును నవీకరించే పని కరెంటు పోయే వేళల్లో పెట్టుకోవద్దు. మధ్యలో ఆగితే కావలివాడే పడిపోతాడు. తరువాత లేపేవారు ఉండరు.

ఇక సంతకాల సంగతి. 2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ అనే పద్ధతి వ్యాపించింది. మా దగ్గర చెక్కు మీది సంతకాన్ని నమూనా సంతకంతో పోల్చి చూసినట్టే, బూట్‌లోడరు మీద సరైన సంకేత సంతకం ఉంటేనే ఫర్మ్‌వేరు దాన్ని లోపలికి రానిస్తుంది. దొంగ బూట్‌లోడరు దూరితే ఆపరేటింగ్ సిస్టము కళ్ళు తెరవకముందే ఇల్లు దొంగ చేతిలోకి పోతుంది కాబట్టి ఈ కట్టుదిట్టం. మరి లినక్స్ సంగతి? పూర్వం బ్యాంకులో కొత్త ఖాతా తెరవాలంటే పాత ఖాతాదారు ఒకరు 'ఈయన నాకు తెలుసు' అని పరిచయ సంతకం పెట్టేవారు, గుర్తుందా? అలాగే షిమ్ అనే చిన్న ప్రోగ్రాము మైక్రోసాఫ్ట్ సంతకంతో ముందు లోపలికి వెళ్ళి, వెనకాల వచ్చే గ్రబ్‌ను పరిచయం చేస్తుంది.

ఏదైనా బూట్‌లోడరులో లోపం బయటపడితే చెల్లని చెక్కుల జాబితాలాగా దాన్ని రద్దు జాబితాలో వేస్తారు. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ పంపిన అలాంటి ఒక నవీకరణతో రెండు సిస్టములు ఉన్న కొన్ని కంప్యూటర్లలో లినక్స్ తెరుచుకోకుండా పోయింది. సమాచారం ఏమీ చెడలేదు, సంతకం మాత్రమే చెల్లలేదు. అప్పుడు కూడా తొందరపడి ఫార్మాటు చేసినవారు నష్టపోయారు, ఆగినవారు బయటపడ్డారు. ఇంకొక మాట. ఈ సంతకాలకు ఆధారమైన 2011 నాటి మైక్రోసాఫ్ట్ ధ్రువపత్రాల గడువులు 2026 జూన్, అక్టోబరు నెలలవి. వాటి స్థానంలో 2023 నాటి కొత్త ధ్రువపత్రాలు వస్తాయి. గడువు దాటినంత మాత్రాన యంత్రం ఆగిపోదు. కాని కొత్త ధ్రువపత్రాలు చేరని యంత్రానికి బూట్‌లోడరు రక్షణకు సంబంధించిన కొత్త సవరణలు అందవు. కాబట్టి విండోస్ నవీకరణలను, కంప్యూటరు కంపెనీ ఇచ్చే ఫర్మ్‌వేరు నవీకరణలను వాయిదా వెయ్యకండి.

ఇంతసేపూ తాళంచెవి పోతే ఇల్లు పోదని చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు చెప్పబోయేది దానికి ఎదురు మాట. దయచేసి దీన్ని రెండుసార్లు చదవండి.

మా 2012 నాటి ల్యాప్‌టాపు అంత సులువుగా తెరుచుకుందంటే దాని డిస్కు గుప్తలిపిలో లేదు. ఇప్పుడు వచ్చే ల్యాప్‌టాపుల్లో చాలావాటిలో మనకు తెలియకుండానే డిస్కు మొత్తాన్ని గుప్తలిపిలోకి మార్చే ఏర్పాటు ఉంటోంది. దాని పేరు బిట్‌లాకర్. కొన్నిటిలో డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు. దొంగ ఎత్తుకుపోయినా అతనికి ఏమీ దొరకదు. మంచిదే. కాని బూట్‌లోడరులోనో, ఫర్మ్‌వేరులోనో మార్పు కనబడితే అది యజమానిని కూడా అనుమానించి 48 అంకెల రికవరీ సంఖ్య అడుగుతుంది. ఆ సంఖ్య లేకపోతే పెన్‌డ్రైవు లినక్స్ కూడా లోపలికి వెళ్ళలేదు. ఇలాంటి ఇంటికి తాళంచెవి పోతే ఇల్లు నిజంగానే పోయినట్టు.

అందుకే బ్యాంకులో మేము చేసే పనిని మీరూ చెయ్యండి. స్ట్రాంగ్ రూము నకలు తాళంచెవులను అదే శాఖలో పెట్టుకోం. సీలు వేసి మరో శాఖలో భద్రపరుస్తాం. మీ ఇంటి విండోస్ యంత్రం మీద మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించి ఉంటే ఆ 48 అంకెలు సాధారణంగా ఆ ఖాతాలో దొరుకుతాయి. దాన్ని కాగితం మీద రాసి, ఒకటికి రెండుసార్లు సరిచూసి, ఒక నకలు మీ లాకరులో, ఇంకొకటి చెల్లెలి ఇంట్లోనో, వియ్యంకుల ఇంట్లోనో ఉంచండి. ఆ కంప్యూటరులోనే దాచుకుంటే పెట్టె తాళంచెవిని పెట్టెలోనే పెట్టి మూసినట్టు. ఫర్మ్‌వేరునో, బూట్‌లోడరునో ముట్టుకునే ముందు బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేసే వీలుంది, అది చెయ్యండి. ఆ సంఖ్య పక్కన ఒక రికవరీ పెన్‌డ్రైవు కూడా తయారు చేసి పెట్టుకుంటే ఇంటికి రెండో తాళంచెవుల గుత్తి సిద్ధమైనట్టే.

యంత్రం లేవని నాడు దుకాణంలో ఇలా అడగండి: "ఫార్మాటు తరువాత చూద్దాం. ముందు పెన్‌డ్రైవుతో లేపి లోపల ఫైళ్ళు ఉన్నాయో లేదో చూపించు. ఉంటే నకలు తియ్యి." ఈ రెండు మాటలు చాలు. డిస్కులోంచి టకటకమనే చప్పుడు వస్తుంటే మాత్రం అది వేరే జబ్బు. వెంటనే ఆపేసి, డిస్కు నుంచి సమాచారం వెలికితీసే పని తెలిసినవారి దగ్గరికి తీసుకుపోండి.

అన్నట్టు, బాగలూరు పెద్దాయన కంప్యూటరు సంగతి చెప్పలేదు కదూ. ఆదివారం వారి ఇంటికి వెళ్ళాను. నల్లటి తెర మీద బూట్ చెయ్యడానికి ఏ పరికరమూ దొరకలేదని రాసి ఉంది. వెనకాల తొంగి చూస్తే ఒక పాత పెన్‌డ్రైవు తగిలించి ఉంది. కావలివాడు ముందు దాని దగ్గరికి వెళ్ళి, అక్కడ ఎవరూ లేక, అక్కడే నిలబడిపోతున్నాడు. దాన్ని లాగి మీట నొక్కాను. భూమి కాగితాలు, పెండ్లి ఫోటోలు అన్నీ వచ్చేశాయి. పెద్దాయన పెన్‌డ్రైవును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత దానికా తుడిచెయ్యమన్నారు!" అన్నారు. ఫీజు కింద నాకు ఒక లోటా మజ్జిగ, కృష్ణగిరి మామిడికాయ ఊరగాయ సీసా ఒకటి దక్కాయి.

ఈ మూడు నెలలకు మీకు ఒకటే ఇంటిపని. వచ్చే సంచిక చేతికి అందేలోపల ఆ 48 అంకెలు కాగితం మీదికి ఎక్కాలి. మీ ఇంట్లో అవ్వ గొంతో, తాత గొంతో ఏదైనా ఒకే యంత్రంలో ఉంటే దానికి రెండో నకలు తయారు కావాలి.

వచ్చే సంచికలో మరో పద్దుతో కలుసుకుందాం. అంతవరకు సెలవు.